ఎవరి కన్ను కప్పాలని?

అడవిలో సరళరేఖ ఉండదు. కవ్వాల్ అడవుల్లో నిటారుగా పెరిగిందని మనం మెచ్చుకునే టేకు చెట్టు కూడా దగ్గరికి పోతే ఎక్కడో ఒకచోట ఒంపు తిరిగే ఉంటుంది. వెదురు కణుపు కణుపుకీ కాస్త పక్కకి జరుగుతుంది. కాలిబాట, వాగు, చీమల బారు, ఏదీ గీత గీసినట్టు పోదు. ఇన్ని వంకరల మధ్య మనిషి చేతిలోని తుపాకీ గొట్టం ఒక్కటే తిన్నగా, నున్నగా, ఎండ పడితే తళుక్కుమంటూ, తను ఈ చోటిది కాదని చెప్పేస్తుంది. తుపాకీకి అడవి రంగులు పూయాలన్న ఆలోచన ఈ చిక్కులోంచే పుట్టింది.

ఆ పని నేను చూసింది మన అడవిలో కాదు, ఫోన్ తెర మీద. జగిత్యాల పక్క పల్లెలో పుట్టి కొలరాడోలో స్థిరపడిన మా మేనల్లుడు అక్కడి స్నేహితులతో కలిసి లైసెన్సు తీసుకుని జింకల వేటకు పోతుంటాడు. ఒకరోజు కారు షెడ్డులో బల్ల మీద తుపాకీ పెట్టుకుని వీడియో కాల్ చేశాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"తుపాకికి రంగేస్తున్న మామా."

"కొత్తదే గదరా, అప్పుడే రంగెందుకు?"

"జింకకు కనవడొద్దు గదా."

ఇంట్లో చేసుకునే ఆ పనికి ఒక వరస ఉంది. ముందు తూటాలు తీసి వేరే గదిలో పెట్టాలి. తుపాకీకి అంటిన నూనెంతా స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. గొట్టం మూతికి, దుర్భిణి అద్దాలకు, మీట దగ్గర కదిలే భాగాలకు టేపు చుట్టాలి. ఆ తరవాత మెరుపు లేని ఇసుక రంగు మొత్తం కొట్టి ఆరబెట్టాలి. దాని మీద నిజమైన ఆకులు, రెమ్మలు, గడ్డిపోచలు పరిచి పైనుంచి ఆకుపచ్చ చల్లాలి. రెమ్మలు జరిపి మట్టి రంగు, మళ్లీ జరిపి ముదురు గోధుమ రంగు. ఎప్పుడూ లేత రంగు ముందు, ముదురు రంగు తరవాత. మచ్చలు మరీ చిన్నవైతే దూరం నుంచి అన్నీ కలిసిపోయి ఒకే నల్లటి ముద్దలాగా కనబడతాయి కాబట్టి కాస్త పెద్దవిగా, గొట్టాన్ని అడ్డంగా కోస్తున్నట్టు వెయ్యాలి. చూసేవాడి కన్ను ఆ గీతను ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా పట్టుకుని పోలేకపోవాలి. కిటుకంతా అదే. తుపాకీ మాయమవదు, ముక్కలవుతుంది.

చక్కని చేతిపని. రంగు ఆరుతుండగా వాడు గోడకు తగిలించిన కోటు ఒకటి చూపించాడు. మన ఊళ్లో రోడ్డు పని చేసేవాళ్లు వేసుకునే రకం, కళ్లు చెదిరే నారింజ రంగు.

"మరి గిదేందిరా?"

"వేటకు పోయేటప్పుడు ఏసుకునేది మామా. ఏసుకోకుంటే ఫైన్ పడ్తది."

చేతిలో తుపాకీయేమో ఆకుల్లో కలిసిపోవాలి, ఒంటి మీది కోటేమో అరమైలు దూరానికి కనబడాలి! వాడు ఆ రాష్ట్రం రూలు చెప్పాడు. తుపాకీతో పెద్ద జంతువుల వేటకు పోయేవాడు నడుము పైన కనీసం 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ గానీ గులాబీ గానీ ధరించాలి, తలకు అదే రంగు టోపీ పెట్టాలి. ఎందుకంటే పొదల్లో కదిలిందల్లా జింకే అనుకుని సాటి మనిషిని కాల్చేసిన సంగతులు ఎన్నో జరిగాక ఆ చట్టం వచ్చింది. కోటు తోటి వేటగాడి కోసం, తుపాకీ మీది రంగు జింక కోసం అని వాడి లెక్క.

ఆ లెక్కలో రెండో సగం నాకు సరిగ్గా కుదరలేదు. జింక కన్ను మన కన్ను లాంటిది కాదు. మన కంటిలో రంగులు పట్టే కణాలు మూడు రకాలు. జింకల్లో, అడవిపందుల్లో, పశువుల్లో రెండే రకాలు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా వాటికి దాదాపు తెలియదు. నారింజ కోటు దుప్పి కంటికి పచ్చి ఆకు రంగులోనే కలిసిపోతుంది. పులి అంత ఎర్రటి ఒంటితో పచ్చటి గడ్డిలో పడుకుని కూడా కడుపు నింపుకోగలుగుతున్నది అందుకే. చూసే దుప్పికి ఆ ఎరుపు లేదు, చారలు మాత్రమే ఉన్నాయి, అవి గడ్డి నీడల్లో కలిసిపోతాయి. పైగా మనకి కనబడని అతినీలలోహిత కాంతి జింకకు కొంత కనబడుతుంది. బట్టలు తెల్లగా తళతళలాడాలని సబ్బుపొడుల్లో కలిపే పదార్థాలు ఆ కాంతిలో వెలుగుతాయి. అంటే వేటగాడు ఎంత శ్రద్ధగా ఆకులు అద్ది రంగు వేసుకున్నా, చొక్కా ఉతికిన సబ్బు వాణ్ణి పట్టించవచ్చు. ఇక ముక్కు, చెవి సంగతి చెప్పనే అక్కర్లేదు. మా చిన్నప్పుడు ఊళ్లో వేటగాళ్లని పేరుపడ్డ ముసలివాళ్లు రంగు మాటే ఎత్తేవాళ్లు కాదు. గుప్పెడు దుమ్ము గాలిలో వదిలి అది ఎటు పోతుందో చూసేవాళ్లు. కదలకుండా కూర్చోలేనివాడు అడవికి రాకూడదనేవాళ్లు.

మరి ఆ ఆకుపచ్చకీ గోధుమకీ మధ్య ఇంత సున్నితమైన తేడాలు ఎవరికోసం? అవి పట్టుకోగల కన్ను ఆ జింకల వేటలో ఒక్కటే ఉంది, మనిషిది. తుపాకీ మీది రంగు జంతువు పేరు చెప్పి మనిషి కన్ను కోసం వేసేదేనని నాకు అప్పుడే అనుమానం కలిగింది. తరవాత ఎటు చూసినా ఆ అనుమానమే బలపడుతూ వచ్చింది.

జంతువుల రంగుల మీద పెద్దగా ఆలోచించినవాళ్లలో ఒకడు అమెరికన్ చిత్రకారుడు అబ్బాట్ థేయర్. జంతువుల వీపు ముదురుగా, పొట్ట లేతగా ఎందుకుంటుందో ఆయన వివరించాడు. పైనుంచి పడే వెలుగు వీపును మెరిపిస్తుంది, పొట్టను నీడలో ఉంచుతుంది. ఒంటి రంగు దాన్ని సరిగ్గా తిరగేస్తే జంతువు గుండ్రదనం పోయి పలచగా, నేలకు అతికినట్టు కనబడుతుంది. మన దుప్పిని, కుందేలును చూసినా ఇది తెలుస్తుంది. అయితే 1909లో వచ్చిన పుస్తకంలో ఆయన ఇంకా ముందుకు పోయి, ప్రతి జంతువు రంగూ దాక్కోవడానికేనన్నాడు. ఫ్లెమింగో పక్షుల ఎరుపు సంధ్యాకాశంలో కలిసిపోవడానికేనని బొమ్మ వేసి మరీ చూపించాడు. స్వయంగా వేటగాడైన మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఈ వాదాన్ని చీల్చి చెండాడాడు. చిత్రకారుడు తన కంటితో చూసినదే అడవి కన్ను కూడా చూస్తుందనుకున్నాడు. మనం కూడా అదే చేస్తాం. ఊసరవెల్లినే చూడండి. ఏ చెట్టెక్కితే ఆ రంగు వేసుకుంటుందని, రాజకీయ నాయకుల్ని తిట్టడానికి దాన్ని శతాబ్దాలుగా వాడుకుంటున్నాం. అది రంగు మార్చేది ఎక్కువగా కోపానికీ, జతకట్టే వేళకీ, ఎండా చలీ సర్దుకోవడానికీ. అది తోటి ఊసరవెల్లికి ఏదో చెబుతుంటే, మనల్ని మోసం చేస్తోందనుకున్నాం.

ఆయుధానికి రంగు పూసే పని పద్ధతిగా మొదలైన చోట జంతువుల ఊసే లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో ఫిరంగి దళంలో పనిచేసిన గిరాం ద సెవొలా అనే చిత్రకారుడు, ఫిరంగుల మీద రంగులద్దిన గుడ్డలు కప్పి శత్రు విమానాల కంట పడకుండా చేయవచ్చని చూపించాడు. 1915లో ఆ పనికి ఒక ప్రత్యేక విభాగమే ఏర్పడింది. చిత్రకారుల్నీ, నాటకాలకు తెరలు రాసేవాళ్లనూ పిలిచి అందులో చేర్చుకున్నారు. తుపాకీని దాచే కళ మనిషి నుంచి మనిషిని దాచడానికే పుట్టింది. వేటగాళ్ల బజారుకు ఆ తరవాతెప్పుడో చేరింది.

ఫిరంగి, రంగుల పని పక్కపక్కన బతికిన ఊరు మనకీ ఉంది. నిర్మల్‌లో ఒకప్పుడు నిజాం సైన్యానికి ఫిరంగులు పోసే కార్ఖానా ఉండేది. అదే ఊళ్లో నకాషీలు బొమ్మలు చేసేవాళ్లు. తేలికపాటి పొనికి కర్ర చెక్కి, ముక్కల్ని చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికి, తెల్ల సుద్ద పూసి, ఆరాక రంగులేస్తారు. ఒకప్పుడు ఆకు పసర్ల రంగులు, ఖనిజాల రంగులు వాడేవారు, తరవాత డ్యూకో వచ్చింది. 1920లలో డ్యూపాంట్ కంపెనీ కార్లకు వేయడానికి తెచ్చిన తొందరగా ఆరే రంగు అది. మా మేనల్లుడు షెడ్డులో చల్లిన డబ్బా రంగుకు దగ్గరి చుట్టమే. నిర్మల్ పనివాడు దాన్ని వాడేది పూర్తిగా ఎదురు దిక్కున. సీతాఫలం చేస్తే చెయ్యి చాచి తీసుకోబుద్ధి కావాలి. పిట్టను చేస్తే గది అవతలి మూల నుంచే ఇదిగో పిట్ట అనిపించాలి. నల్లటి నేపథ్యం మీద బంగారు రంగు గీత ఎంత తెగి కనబడితే అంత పనితనం. ఫిరంగుల కార్ఖానా పోయింది. బొమ్మల పని నిలిచింది, 1955లో సహకార సంఘమైంది, 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. ఏ పని ఏ ఊరికి పేరు తెస్తుందో కాలమే తేలుస్తుంది.

కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల వాళ్లకు అడవి రంగు బట్టల సంగతి ఇంకోలా కూడా తెలుసు. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. 1989లో నక్సలైట్లను వెతికే గ్రేహౌండ్స్ పోలీసు దళాలు వచ్చాయి. ఆ తరవాత ఇరవై ఏళ్లపాటు అడవిలో ఆకుపచ్చ బట్టలు వేసుకున్నవాళ్లు రెండే రకాలు, నక్సలైట్లు, పోలీసులు; వాళ్లు వీళ్ల కోసం, వీళ్లు వాళ్ల కోసం వెతుకుతుండేవారు. మూడో మనిషిని ఆ రంగు దగ్గరికి రానిచ్చేదే కాదు. తునికాకు కోతకు పోయే ఆడవాళ్లు పెద్దగా మాట్లాడుకుంటూ పోయేవాళ్లు. పశువులు తప్పిపోతే వెతకబోయేవాడు తెల్ల తువ్వాలు తలకు చుట్టుకుని, పిలుచుకుంటూ తిరిగేవాడు. మేం వచ్చాం, మేం ఎవరమూ కాదు అని ముందే చెప్పుకుంటే తప్ప అడవిలో బతుకు లేదు. అప్పట్లో పండగకు మిలిటరీ రంగు ప్యాంటు కొనమని మారాం చేసిన పిల్లవాడికి వీపు విమానం మోత మోగిన ఇల్లు మా వైపు ఒకటి కాదు. ఇవాళ కరీంనగర్ బజారులో ఆ మచ్చల టోపీలు, ప్యాంట్లు గుట్టలు పోసి అమ్ముతున్నారు. సైన్యమేమో 2022 సైనిక దినోత్సవాన కొత్త మచ్చల యూనిఫాం విడుదల చేసి, ఆ డిజైన్ మీద హక్కులు నమోదు చేయించుకుంది. కనబడకుండా ఉండాల్సిన బట్టకు కూడా నకలు బెడద తప్పలేదు.

ఇక తుపాకీ. మన దగ్గర పంట కాపలాకు తుపాకీ లైసెన్సు ఇవ్వడానికి 1959 ఆయుధాల చట్టంలోనే చోటుంది. గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీకి పంట రక్షణ కింద అనుమతి ఇవ్వవచ్చు. ఎన్నికలొస్తే ఆ తుపాకీని సాధారణంగా పోలీసు స్టేషనులో అప్పగించమంటారు. పంచాయతీ, మండలం, అసెంబ్లీ, పార్లమెంటు అంటూ ఎన్నికలు వరస కట్టిన ఏడాది పంటకన్నా ఠాణాకే అది ఎక్కువ కాపలా కాస్తుంది. దాని మీది నంబరును చెరపడం, మార్చడం అదే చట్టం కింద నేరం. కాబట్టి రంగు వెయ్యాలన్న సరదా ఎవరికైనా పుడితే ముందు ఆలోచించాల్సింది ఆ నంబరు గురించి. వేటాడటమన్నది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో కట్టడిలోకి వచ్చి, 1991 సవరణతో మూతబడింది. పులిని చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. పంటను నాశనం చేసే అడవిపంది విషయంలో కూడా అధికారుల అనుమతి ఉండాలి, అనుమతి ఉన్నవాడే కాల్చాలి.

చట్టం తప్పి వేటకు పోయేవాడు మన వైపు తుపాకీకి రంగు పూయడు. కమ్మరి కొలిమిలో పుట్టిన బర్మారు నాటు తుపాకీని గడ్డివాములోనో, ఇంటి కప్పు వాసాల సందునో దాస్తాడు. వాడు దాక్కునేది అటవీ శాఖ వాచర్ నుంచి, పోలీసు నుంచి, ఎప్పుడైనా నోరు జారగల పక్కింటివాడి నుంచి. వాడికి చీకటే రంగు. ఇంకా తెలివైనవాడు తుపాకీ జోలికే పోడు. అడవి అంచు చేలకు పోయే కరెంటు లైనుకు రాత్రిపూట కొక్కెం తగిలించి, మోకాలి ఎత్తున బైండింగు తీగ లాగుతాడు. పంది కోసం పెట్టానంటాడు. తీగ పందినీ, పులినీ, పొద్దున్నే చేనికి నీళ్లు పెట్టబోయే రైతునూ ఒకే తీరుగా చంపుతుంది. తీగ కాకపోతే విషం. 2024 జనవరిలో కాగజ్‌నగర్ దగ్గర దరిగాం అడవిలో రెండు పులులు రోజుల తేడాతో చచ్చిపోయాయి, పశువు కళేబరానికి విషం పెట్టడమే కారణమని అటవీ శాఖ తేల్చింది. తీగకు రంగు అక్కర్లేదు, విషానికి ఉండనే ఉండదు. తుపాకీ పట్టుకుని మాటు వేసేవాడు కనీసం అక్కడ ఉంటాడు, దేన్ని కాలుస్తున్నాడో చూస్తాడు. తీగ పెట్టినవాడు ఇంట్లో నిద్రపోతుంటాడు. అంతకన్నా పూర్తిగా మాయమవడం ఇంకేముంటుంది?

చూడకుండా చంపడం గురించి మన పెద్దలు బాగా ఆలోచించారు. మన పురాణాల్లో పేరున్న వేట కథలు గుర్తు తెచ్చుకోండి. దశరథుడు చీకట్లో నీటి చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు, కుండ ముంచుతున్న మునికుమారుడు పోయాడు. పాండురాజు జతగా ఉన్న లేళ్లను కొట్టాడు, అందులో ఒకటి ఆ రూపంలో ఉన్న కిందముడనే ముని. జర అనే బోయవాడు పొదలో జింక అనుకుని కొట్టినది కృష్ణుడి పాదం. మూడు కథల్లోనూ వేటగాడి గురి తప్పలేదు, గుర్తు తప్పింది. కొలరాడో వాళ్లు నారింజ కోటు చట్టం చేయడానికి కారణమైన తప్పును మన కథలు ఎప్పుడో పట్టుకున్నాయి. చెట్టు చాటు నుంచి వాలిని కొట్టిన రాముణ్ణి కూడా మనం ఊరికే వదలలేదు. వాలి చావబోతూ అడిగిన ప్రశ్నకు రాముడు వేట ధర్మాన్నే జవాబుగా చెప్పాడు, మృగాలను వలలు పన్ని, చాటునుండి కొట్టవచ్చు కదా అని. రాముడంటే ప్రాణం పెట్టే మన ఊరి హరికథ పందిళ్లలో కూడా ఆ జవాబు విన్న ముసలివాళ్లు తృప్తిగా తలూపడం నేను చూడలేదు. దేవుడైనా చాటునుండి కొడితే సంజాయిషీ చెప్పాల్సిందే.

మన అడవిలోనే, దాక్కోవడానికి అందరికన్నా ఎక్కువ చోటున్నవాళ్లు, పండగ వస్తే చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. దీపావళి రోజుల్లో గోండు గూడేల్లో దండారి ఆటల బృందం కదులుతుంది. గుస్సాడీ వేషం వేసినవాళ్లు ఒంటికి బూడిద పూసుకుని, మేక తోలు భుజాన వేసుకుని, మెడ నిండా పూసలతో, తల మీద నెమలి ఈకల పెద్ద టోపీతో ఊరూరా ఆడతారు. అంత దూరం నుంచి కనబడే వేషం ఇంకోటి లేదు. రంగు పూయడంలో మా మేనల్లుడికీ వాళ్లకీ తేడా లేదు. కాకపోతే వీళ్లు మేం వస్తున్నాం చూడండి అని పూసుకుంటారు. ఆ ఆటను తరాలకు నేర్పిన మర్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది.

ఈ మధ్య కాలంలో కనబడటానికి వేసుకునే ఇంకో ముఖం కూడా ఆ అడవి వైపు వచ్చింది. 2020 నవంబరులో కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలో పులి ఇద్దరిని చంపింది. 2024 నవంబరు చివర కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేలో ఇంకో యువతి ప్రాణం పోయింది. అప్పుడు అటవీ శాఖ వాళ్లు పత్తి ఏరేవాళ్లకు మనిషి ముఖం మాస్కులు పంచారు, తల వెనక పెట్టుకోవడానికి. పులి వెనకనుంచి వస్తుంది, తనని చూస్తున్నారనుకుంటే వెనక్కి తగ్గుతుందన్నది సుందరవనాల్లో ఎప్పటినుంచో పాటిస్తున్న ఉపాయం. దానికి ఎంత బలముందో పులే చెప్పాలి. నాకు మాత్రం ఆ బొమ్మ నచ్చింది. అన్ని వేల ఏళ్లుగా జంతువుకి కనబడకుండా ఎలా ఉండాలా అని తంటాలు పడ్డ మనిషి, ఇదిగో నిన్ను చూస్తున్నాను అని రెండో ముఖం పెట్టుకుని పత్తి ఏరుతున్నాడు.

పులిని దాచే చారల కథ కూడా మనిషి చేతిలో తిరగబడింది. ఏ రెండు పులుల చారలూ ఒకటిగా ఉండవు. ఒకే పులికి కుడి పక్క చారలు ఒకరకం, ఎడమ పక్క చారలు ఇంకోరకం. అందుకే అడవిలో లెక్క తీసేవాళ్లు బాటకు అటొకటి, ఇటొకటి కెమెరాలు కడతారు. జంతువు ఎదురుగా నడిచిపోతే కెమెరా తనంతట తనే ఫొటో తీసుకుంటుంది. 2018లో దేశమంతా 26,838 చోట్ల ఇలా కెమెరాలు పెట్టి లెక్కిస్తే 2,967 పులులున్నాయని అంచనా తేలింది. అప్పటిదాకా అంత పెద్ద కెమెరా లెక్క ప్రపంచంలో ఎక్కడా జరగలేదని గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. దుప్పి కంటి నుంచి పులిని దాచిన చారలే మన దగ్గర దాని గుర్తింపు కార్డయ్యాయి. 2012లో టైగర్ రిజర్వు అయిన కవ్వాల్‌కు మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ వైపు నుంచి ఏ పులి వచ్చిందో, ప్రాణహిత దాటి తిరిగి పోయిందో చెప్పేది ఆ చారలే.

చెట్టుకు కట్టిన ఆ కెమెరా పెట్టెను దగ్గరగా చూడండి. దాని మీద ఇసుక రంగు, ఆకుపచ్చ, ముదురు గోధుమ. మా మేనల్లుడు తుపాకీకి పూసిన రంగులే, అదే వరసలో, గీతను ముక్కలు చేసే అవే మచ్చలు. పులికి ఆ పెట్టెతో పట్టింపు లేదు. ఎదురుగా నిలబడి వాసన చూసి పోతుంది. ఎలుగుబంటి ఒకోసారి కొరికి చూస్తుంది. మరి రంగు ఎవరికోసం? దొంగ కోసం. కెమెరాలు ఎత్తుకుపోయినవాళ్లు, తమ ఫొటో అందులో పడిందని పగలగొట్టినవాళ్లు మన దేశపు అడవుల్లో చాలామందే ఉన్నారు. అందుకే దానికి ఇనుప పెట్టె, తాళం, గొలుసు, పైన మచ్చల రంగు. చంపడానికి పోయే యంత్రానికీ, లెక్కించడానికి పోయే యంత్రానికీ ఒకే రంగు పట్టింది, రెండూ భయపడేది ఒకే జంతువుకి కాబట్టి.

వేట కోసం తుపాకీకి రంగు పూసే పనిని నేను తప్పు పట్టను. అనుమతి ఉన్నచోట, చట్టం ఉన్నచోట, అది ఓపికతో చేసే మంచి చేతిపని. జింక కోసం అని మాత్రం చెప్పుకోవద్దు. మన అడవిలో ఇవాళ రంగు పూసి దాచవలసిన వస్తువంటూ ఉంటే అది కెమెరా ఒక్కటే. జన్నారం వైపో, కాగజ్‌నగర్ వైపో పోయినప్పుడు మీకు చెట్టుకు అలాంటి పెట్టె కనబడితే చెయ్యి వెయ్యకండి, పక్కనుంచి నడిచిపోండి. మీ ఫొటో పడుతుంది, పడనివ్వండి. చేలో అడ్డంగా లాగిన తీగ కనబడితే మాత్రం ఊరుకోకండి, కరెంటు ఆఫీసుకూ ఫారెస్టు వాళ్లకూ ఆ క్షణమే చెప్పండి.